తెల్లపిండి మింగినవాళ్ళు

మంగళవారం మూడో పీరియడ్ జరుగుతుండగా మావయ్య పోయాడని ఫోనొచ్చింది. చేసింది ఆయన కూతురు. ఆ పిల్లకు తెలుగు అర్థమవుతుంది గాని నోరు తిరగదు. "దీదీ, పాపా నహీఁ రహే" అంది. తర్వాత "మెషీన్ బంద్ కర్ దియా హై" అంది. మెషీనంటే ఆక్సిజన్ యంత్రం. పదకొండు నెలలుగా బిర్సానగర్‌లోని వాళ్ళ రెండు గదుల ఇంటినుంచి ఎవరు ఫోన్ చేసినా వెనక దాని రొద వినబడేది. ఆ రోజు వినబడలేదు.

నాకు ఏడుపు రాలేదు. ఇది మీకు చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. చేతిలో చాక్‌పీసు అలాగే ఉండగా, వరండాలోంచి క్లాసులోకి తిరిగి వెళ్ళి, బోర్డుమీద సగంలో ఆపిన బొమ్మ పూర్తిచేశాను. పేర్లు కూడా రాశాను. పిల్లలు దించుకున్నారు. అప్పుడు ప్రిన్సిపాల్ గదికి వెళ్ళి సెలవడిగాను. ఎదురుచూస్తున్న చావుకి మనిషి ఇలాగే కదులుతాడేమో నాకు తెలియదు. నేను మాత్రం అలాగే కదిలాను.

మావయ్య మా అమ్మకు ఆఖరి తమ్ముడు. మా నాన్న ఉక్కు కంపెనీలో పర్మినెంటు ఉద్యోగి కావడంతో మేం అగ్రికోలో క్వార్టర్లో ఉండేవాళ్ళం. బావ చేస్తున్న కంపెనీలోనే తనకూ దొరక్కపోతుందా అని మావయ్య టెక్కలి వైపునుంచి రైలెక్కి వచ్చాడు. దొరకలేదు. కొన్నాళ్ళు కాంట్రాక్టు పనులు చేసి, చివరికి ఖర్కాయి నది దాటి ఆదిత్యపూర్‌లో ఒక చిన్న యూనిట్లో చేరాడు. అక్కడ తెల్లరాయిని మిల్లులో వేసి పిండి కొడతారు. ఉక్కు కరిగించే కొలుములకు లోపలివైపు పూత పెట్టడానికి ఆ పిండి పనికొస్తుంది. ఊరంతా బతికేది కొలుముల మీద గనక, ఎవరో ఒకరు ఆ పిండి కొట్టాల్సిందే.

నా చిన్నతనంలో మావయ్య ముసలివాడని అనుకునేదాన్ని. అప్పటికి ఆయనకు ముప్పై కూడా నిండలేదు. కనుబొమలు, రెప్పలు, చెవుల మీది వెంట్రుకలు అన్నీ తెల్లగా ఉండేవి. మా ఇంటికి వస్తే గేటు బయటే నిలబడి తువ్వాలుతో ఒళ్ళంతా కొట్టుకునేవాడు. "ఒరే, ఇంకా దులుపుకో. గచ్చంతా ముగ్గేసినట్టు అయిపోతంది" అని అమ్మ లోపల్నుంచి అరిచేది. ఎంత దులుపుకున్నా కుర్చీలో కూర్చునేవాడు కాదు, మెట్ల మీదే. కుళాయి దగ్గర మొహం కడుక్కుంటే తెల్లనీళ్ళు కారి, అడుగునుంచి నల్లటి కుర్ర మొహం బయటపడేది. నేను చప్పట్లు కొట్టేదాన్ని. "సూసేవా, ముసిలోడు పోయాడు, మావ వచ్చేడు" అనేవాడు.

ఆ యూనిట్లో ఆయనకు మంచి పేరుండేది. పిండిని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య వేసి రుద్ది, ఏ జల్లెడ దిగుతుందో చెప్పేసేవాడట. ఆ అలవాటు వంటింట్లో కూడా పోలేదు. అమ్మ అరిసెలకు పిండి కొట్టించుకొస్తే, చిటికెడు తీసి రుద్ది, "అక్కా, ఇది ముతక. మా సేటు సూత్తే లారీ తిప్పి పంపీత్తాడు" అనేవాడు. అమ్మకు ఒళ్ళు మండేది గాని మళ్ళీ జల్లించేది. నన్ను సైకిల్ మీద బడికి దింపేటప్పుడు కూడా హ్యాండిల్ మీద ఆ రెండువేళ్ళూ ఊరికే ఒకదాన్నొకటి రాసుకుంటూ ఉండేవి.

జేబులో ఎప్పుడూ కాగితంలో చుట్టిన బెల్లం ముక్క ఉండేది. దాని గురించి చెప్పాలి. రాతిపిండి యూనిట్లలో పని దిగిపోయేముందు మనిషికింత బెల్లం పంచుతారు. బెల్లం తింటే గొంతులోకి, గుండెల్లోకి పోయిన దుమ్ము జారి కడుపులోకి దిగిపోతుందని అక్కడ అందరి నమ్మకం. ఈ ప్రాంతంలో దుమ్ము పనులు చేసేవాళ్ళందరికీ ఇది మామూలే. ఎవరు మొదలుపెట్టారో తెలియదు. మూతికి కట్టుకునే గుడ్డ మరిచిపోయి వచ్చేవాళ్ళుంటారు గాని, బెల్లం తినకుండా ఇంటికి పోయేవాళ్ళుండరు. మావయ్య తన వంతులో సగం నాకోసం దాచి తెచ్చేవాడు. తెల్లపిండి అంటిన బెల్లం. నేను చప్పరించేదాన్ని.

ఇప్పుడు నేను చేసిన పని చెబుతాను.

జువాలజీలో డిగ్రీ, ఆ తర్వాత బీయెడ్ చేసి కొత్తగా టీచరునైన ఏడాది. మా బడిలో ప్యూను పోస్టు ఖాళీ అయింది. మావయ్యకు అప్పటికే పొడి దగ్గు ఉండేది. అమ్మ నా ప్రాణం తీసి ఆ పోస్టు గురించి ప్రిన్సిపాల్‌తో మాట్లాడించింది. ఆయన సరేనన్నారు. ఆదివారం మధ్యాహ్నం మావయ్య వచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. నేను వరండాలో చార్టు పేపరు పరిచి మర్నాటి పాఠానికి బొమ్మ వేస్తున్నాను. మాక్రోఫేజ్ బొమ్మ. చేతులు చాపుకుని పాకుతున్న పెద్ద కణం, దాని చుట్టూ ఎర్రరంగు బాక్టీరియాలు.

"ఏటే మేడమ్మా, ఆ బొమ్మ? పీతా?" అన్నాడు. టీచర్నైన దగ్గర్నుంచి నన్ను ఎగతాళిగా అలాగే పిలిచేవాడు.

పీత కాదని చెప్పాను. మన ఒంట్లో కాపలా తిరిగే కణమని చెప్పాను. ఎముకల మూలుగలో పుట్టి, రక్తంలో తిరిగి, ఒక్కో అవయవంలో కాపురం పెడుతుంది. కాలేయంలో ఉంటుంది, చర్మం కింద ఉంటుంది. ఊపిరితిత్తుల్లో గాలి వచ్చిపోయే చిట్టచివరి గదుల్లో ఉంటుంది. పరాయిది ఏది కనబడినా చేతులు చాచి చుట్టేసి మింగేస్తుంది. దాని లోపల ఆమ్లపు సంచులుంటాయి, మింగినదాన్ని ఆ సంచుల్లో వేసి అరిగించేస్తుంది. పైగా మింగినదాని ముక్క ఒకటి ఒంటిమీద తగిలించుకుని, మిగతా సైన్యానికి ఇదిగో దొంగ ఇలా ఉంటాడని చూపిస్తుంది. నాకు ఆ పాఠమంటే ప్రాణం. ఉత్సాహంగా చెప్పాను. చదువుకున్నదాన్నని, నా చదువు మొదటిసారి మా ఇంట్లో ఒక మనిషికి పనికొస్తోందని గర్వం కూడా ఉంది.

"పురుగుల్నేనా? దుమ్ము కూడా తింతాదా?"

"దుమ్మునీ తింటుంది."

"రాతిపిండి కూడానా?"

నేను రంగు పెన్సిల్ చెక్కుకుంటున్నాను. తలెత్తకుండానే, "దుమ్మంటే దుమ్మే మావయ్యా. ఏదైనా ఒకటే దానికి" అన్నాను.

ఆయన చాలాసేపు ఆ బొమ్మ చూశాడు. మొహంలో ఒక వెలుగు. "అదీ సంగతి. అందుకే బెల్లం. ఆ తిండిపోతోళ్ళకి బలానికన్నమాట! మా ఓళ్ళు బెల్లం అంతారు గాని ఎందుకో ఒక్కడికీ తెల్దు" అన్నాడు. అది కాదని నేను అనాలి. నాకు నవ్వొచ్చింది, ముద్దొచ్చింది, ఊరుకున్నాను. "మరి బళ్ళో పని మాటేటి? యూనిట్ వదిలీమంతావా?" అని నన్నే అడిగాడు. "మీ ఇష్టం మావయ్యా" అన్నాను. "ఆడ నన్ను మిస్త్రీ అంతారే. ఈడ గంట కొట్టాల. లోపల కాపలావోళ్ళున్నారు గదా, సూసుకుంతారులే" అని నవ్వి లేచాడు. ఆ పోస్టులోకి వేరే అతను వచ్చాడు. ఇప్పటికీ అతనే గంట కొడుతున్నాడు, ఆరోగ్యంగా ఉన్నాడు.

ఆ తర్వాత మావయ్య యూనిట్లో పెద్ద ఉపన్యాసకుడైపోయాడు. కొత్తగా చేరినవాళ్ళని కూర్చోబెట్టి తిండిపోతుల కథ చెప్పేవాడట. మా మేనకోడలు సైన్సు మేడమ్, తనే చెప్పింది, భయపడకండి, బెల్లం మానకండి అనేవాడట. ఈ సంగతి ఆయనే నాకు గొప్పగా చెప్పేవాడు. ఎండాకాలంలో గుడ్డ కట్టుకోవడం కూడా మానేశాడు. ఉక్కపోతకు ఊపిరాడ్డంలేదని అన్నాడు.

కొన్నేళ్ళకు దగ్గు ఎక్కువయ్యాక టీబీ అన్నారు. ఆరునెలలు మందులు మింగాడు. మూత్రం ఎర్రగా వస్తోందని భయపడితే, మందువల్లేనని నేనే ధైర్యం చెప్పాను. కొంచెం తగ్గింది. పనిలోకి వెళ్ళాడు. మళ్ళీ వచ్చింది, మళ్ళీ మందులు. రెండేళ్ళు ఇలా గడిచాక, ఒక కుర్ర డాక్టరు ఎక్స్‌రే ఫిల్మును కిటికీ వెలుగుకి పెట్టి చూసి, "క్యా కామ్ కర్తే హైఁ?" అని అడిగాడు. నేను పక్కనే ఉన్నాను. ఏం పని చేస్తావని ఆ రెండేళ్ళలో ఆయన్ను అడిగిన మొదటి మనిషి అతనే. మావయ్య చెప్పాడు. డాక్టరు ఫిల్మును కవర్లో పెట్టేసి, ఇకమీదట ఆ యూనిట్ గడప తొక్కవద్దన్నాడు. మందేదని అడిగితే, ఉన్న ఊపిరిని కాపాడుకోవడమే అన్నాడు. అది సిలికోసిస్.

ఆ వారం నేను చదివాను. పదేళ్ళ కిందట చదవాల్సింది ఆ వారం చదివాను. మాక్రోఫేజ్ రాతిపిండిని కూడా మింగుతుంది. నేను చెప్పింది అంతవరకు నిజమే. కానీ అరిగించలేదు. రాయి అరగదు. పైగా ఆ సన్నటి స్ఫటికాలు దాని లోపలి ఆమ్లపు సంచిని చించేస్తాయి. ఆమ్లం సొంత ఒంట్లోకే కారి ఆ కణం చచ్చిపోతుంది. పోతూపోతూ సాయానికి పిలుపు పంపుతుంది. ఇంకొకటి వస్తుంది, అక్కడ పడివున్న అదే పిండిని మింగుతుంది, చస్తుంది. మరొకటి వస్తుంది. ఇలా చచ్చిన ప్రతిచోటా ఒళ్ళు మచ్చ కట్టుకుంటూ పోతుంది. మెత్తగా సాగాల్సిన ఊపిరితిత్తి గట్టి కణుపులు కణుపులుగా తయారవుతుంది. టీబీ క్రిమిని అదుపులో పెట్టాల్సింది కూడా ఈ మాక్రోఫేజులే. అవి ఇలా పోతుంటే టీబీకి తలుపు తీసినట్టే. పని మానేసినా ఇది ఆగకపోవచ్చు, ఎందుకంటే లోపలికి పోయిన పిండి లోపలే ఉంటుంది.

ఆయనకు చెప్పకూడదనుకున్నాను. ఆయనే అడిగాడు. మంచం మీద దిండు ఒళ్ళో పెట్టుకుని ముందుకు వంగి కూర్చునేవాడు. వెనక్కి వాలితే ఊపిరి అందేది కాదు. "మరి మన తిండిపోతోళ్ళు ఏటి సేత్తన్నారే? నిద్దరోతన్నారా?" అన్నాడు.

నిద్రపోవడం లేదని చెప్పాను. ఏం చేస్తున్నాయో మొత్తం చెప్పాను. పాఠం చెప్పడం నాకు చేతనైన పని గనక చివరిదాకా చెప్పగలిగాను. నేను తప్పు చెప్పాను మావయ్యా, ఆ రోజు నాకు తెలియకుండా చెప్పాను, తెలుసుకోకుండా చెప్పాను అన్నాను. అప్పుడు ఏడ్చాను.

ఆయన చాలాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు. "ఒకడు పోతే ఇంకొకడు వత్తాడన్నమాట" అన్నాడు. "మా గేటు కాడ కూడా అంతే. పొద్దున్నే పనికోసం నిలబడుంతారు." ఇంకోసారి ఊపిరి పీల్చి, "ఆళ్ళనేటి అంతాం. ఆళ్ళ పని ఆళ్ళు సేత్తన్నారు" అన్నాడు. కణాల గురించి అన్నాడో మనుషుల గురించి అన్నాడో నేను అడగలేదు. నన్ను ఒక్క మాట అనలేదు. నా మొహం చూసి, "ఏడవకు గుంటా. సగం కరట్టే సెప్పేవు గదా. సగం మార్కులు ఏసేత్తాను" అన్నాడు. అత్త గుమ్మంలో నిలబడి వింటోంది. తను మాత్రం నవ్వలేదు.

ఆ తర్వాత వారానికోసారి వెళ్ళేదాన్ని. వెళ్ళిన ప్రతిసారీ ఒక్కటే అడిగేవాడు. "మా ఓళ్ళకి సెప్పాలే. బెల్లం తింతే సాలని నానే సెప్పేను. నా మాట నమ్మీసి ఉన్నారు. నువ్వెల్లి సెప్పు, నువ్వు సెప్తే ఇంతారు. గుడ్డయినా కట్టుకుంతారు, ఒకరో ఇద్దరో వేరే పని సూసుకుంతారు." వెళ్తానన్నాను. "ఎల్లేవా?" అని మళ్ళీ వారం. పేపర్లు దిద్దుతున్నానన్నాను. "ఎల్లేవా?" ప్రాక్టికల్స్ అన్నాను. బడి నుంచి ఆదిత్యపూర్ ఎంతో దూరం లేదు. ఆటో ఎక్కితే అరగంట. ఆ మనుషుల ముందు నిలబడి, మీ మిస్త్రీకి ఆ మాట చెప్పిన సైన్సు మేడమ్‌ని నేనే అని చెప్పడానికి నాకు మొహం చెల్లలేదు. అదే అసలు కారణం.

చలికాలం మధ్యలో ఒకరోజు నుంచి ఆయన అడగడం మానేశాడు. మరిచిపోయాడనుకున్నాను. తేలికపడ్డాను కూడా.

చివరి నెలల గురించి ఎక్కువ రాయను. కరెంటు పోతే ఇల్లంతా ఒక్కసారి లేచి నిలబడేది. యంత్రం ఆగితే చిన్న సిలిండరు తగిలించాలి. అత్తకు, పిల్లకు కళ్ళు మూసుకుని తగిలించడం వచ్చేసింది. అన్నం నమలడానికే ఆయాసం రావడంతో జావ తాగేవాడు. మాట్లాడాలంటే రెండు మాటలకొకసారి ఆగేవాడు. ఆ మధ్యలోనే చమత్కారాలు. "బతకడం పనైపోయిందే, ఎనిమిది గంటలు కాదు, ఇరవై నాలుగూ డ్యూటీయే" అన్నాడోసారి. నేను నవ్వితే ఆయనకు సంతోషం. అందుకని నవ్వేదాన్ని. ఆయన బాగవుతాడని మాలో ఎవరం అనుకోలేదు. దేవుడికి మొక్కుకున్న అత్త కూడా, ఆ మనిషి పడుకుని ఒక్కరాత్రి నిద్రపోతే చాలని మొక్కుకుంది గాని, బాగవ్వాలని కాదు. ఆయన కూర్చునే పోయాడు.

పెద్దకర్మ అయిన మూడోనాడు నేను ఆదిత్యపూర్ వెళ్ళాను. ఇక అడిగేవాళ్ళు లేరు గనక వెళ్ళాను. మధ్యాహ్నం షిఫ్టు ఎక్కేముందు గేటు పక్క టీ కొట్టు దగ్గర ఏడుగురు నిలబడి ఉన్నారు, నలుగురు ఆడవాళ్ళు, ముగ్గురు మగవాళ్ళు. టీ కొట్టు రేకు, బెంచీ, చెట్టాకులు అన్నీ తెల్లగా ఉన్నాయి. మిస్త్రీ చాచా మేనకోడల్నని చెప్పుకున్నాను. నమస్కారాలు పెట్టి బెంచీ తుడిచి కూర్చోమన్నారు. కూర్చోలేదు. వచ్చిన హిందీలో అంతా చెప్పాను. లోపల కణాలు ఏం చేస్తాయో, రాయి ఎందుకు అరగదో, బెల్లం గొంతు దాటి ఊపిరితిత్తుల్లోకి వెళ్ళే దారే లేదని, మామూలు గుడ్డలోంచి కూడా ఈ పిండి దూరిపోతుందని. వాళ్ళు మధ్యలో అడ్డు రాకుండా విన్నారు. చక్కగా, క్లాసులో పిల్లలకన్నా శ్రద్ధగా విన్నారు.

నేను ఆపాక నలభైయేళ్ళ ఒకామె, "మాలూమ్ హై మేడమ్" అంది. "చాచా ఖుద్ ఆయే థే."

తమకు తెలుసని, మావయ్యే స్వయంగా వచ్చి చెప్పాడని. చలికాలంలో వచ్చాడట. ఆటోలో, పక్కన కూతురు, ఒళ్ళో చిన్న సిలిండరు. దిగలేకపోయాడు. అందర్నీ ఆటో దగ్గరికే పిలిపించుకుని, ఒక్కో మాటకీ ఆగుతూ చాలాసేపు చెప్పాడట. ఆ తర్వాత రెండ్రోజులు లేవలేదని పిల్ల ఫోనులో చెప్పిందట. నాతో ఎవరూ చెప్పలేదు. బెల్లం వల్ల ఏమీ లేదని, తిండిపోతులే చచ్చిపోతున్నాయని చెప్పాడట. వెళ్ళేముందు ఇంకో మాట కూడా చెప్పాడని, ఆమె దాన్ని ఆయన అన్నట్టే ఆగుతూ ఆగుతూ అని వినిపించింది. "మేరీ భాంజీ నే... సహీ బోలా థా. సమఝ్‌నే మేఁ... గల్తీ మేరీ థీ." నా మేనకోడలు సరిగ్గానే చెప్పింది, తప్పుగా అర్థం చేసుకున్నది నేనే అని.

రాతిపిండి కూడానా అని ఆయన అడిగాడు. స్పష్టంగా, ఆ మాటలతోనే అడిగాడు. నేను ఇచ్చిన జవాబు ఆయన మరిచిపోయే మనిషి కాదు.

తప్పు తనదేనని ఆయన చెప్పింది అబద్ధమని వాళ్ళకు చెప్పాలని నోరు తెరిచాను. తెలిసి కూడా మీరింకా ఇక్కడే ఎందుకున్నారని కూడా అడగబోయాను. ఏది ముందు అనాలో తేల్చుకునేలోపే లోపల సైరన్ మోగింది. ఆమె టీ గ్లాసు కొట్టువాడికిచ్చేసి, "చల్తే హైఁ, మేడమ్" అని సెలవు తీసుకుని, గంచా తువ్వాలు మొహానికి రెండు చుట్లు చుట్టుకుని గేట్లోకి నడిచింది. మిగతా ఆరుగురూ ఆమె వెనకే వెళ్ళారు. షెడ్డు ద్వారం దగ్గర తెల్లటి దుమ్ములో ముందు వాళ్ళ కాళ్ళు కనబడకుండా పోయాయి, తర్వాత నడుములు, తర్వాత తలలు. మిల్లు మొదలైంది.